బీ12 మొదలుపెట్టాక బ్లడ్ రిపోర్టులో ఏం జరుగుతుంది?

విటమిన్ బీ12 లోపం బయటపడింది, ఇంజెక్షన్లు మొదలయ్యాయి, వారం రోజులకు మళ్లీ రక్తపరీక్ష చేయించారు. రిపోర్టు చేతికొచ్చింది. చూస్తే హిమోగ్లోబిన్ పెద్దగా కదల్లేదు, ముందే ఎక్కువగా ఉన్న ఎంసీవీ (ఎర్రకణాల సగటు సైజు) ఇంకొంచెం పెరిగింది, ఆర్‌డీడబ్ల్యూ (కణాల సైజుల్లో తేడా) పక్కన బాణం గుర్తు పైకి చూపిస్తోంది, రెటిక్యులోసైట్ల (పసి ఎర్రకణాల) పరీక్ష కూడా చేయించి ఉంటే అవి మామూలు కన్నా ఎన్నో రెట్లు ఉన్నాయి. మందు పనిచేయడం లేదేమో అన్న టెన్షన్ అక్కడే మొదలవుతుంది. నిజానికి ఆ కాగితం చెప్తున్నది మందు బ్రహ్మాండంగా పనిచేస్తోందని.

ఒక్కో అంకెకీ ఒక్కో వేగం ఉంటుంది. కొన్ని రెండు రోజుల్లో మారతాయి, కొన్నింటికి రెండు నెలలు కావాలి, ఇంకొన్ని బాగుపడే ముందు మరికాస్త చెడినట్టు కనిపిస్తాయి. చికిత్స మొదలుపెట్టి ఇది ఎన్నో రోజో తెలియకుండా ఆ అంకెలకు అర్థం చెప్పడం కుదరదు. రిపోర్టు మీద నార్మల్ రేంజ్ అచ్చేస్తారు గానీ, మందు మొదలైన ఏడో రోజున ఏ అంకె ఎక్కడ ఉండాలో ఎవరూ అచ్చేయరు. చాలామంది అనవసరంగా భయపడేది, కొందరు మధ్యలోనే మందు మానేసేది ఇక్కడే.

కణం ఎందుకు లావెక్కుతుంది

ఎర్ర రక్తకణం ఎముక మజ్జలో పుడుతుంది. మొదట్లో దానికి పెద్ద కేంద్రకం ఉంటుంది. కొన్ని రోజుల్లోనే అది పలుసార్లు రెండుగా చీలుతూ, చీలిన ప్రతిసారీ కాస్త చిన్నదవుతూ, లోపల హిమోగ్లోబిన్ నింపుకుంటూ, చివరికి కేంద్రకాన్ని బయటికి నెట్టేసి రక్తంలోకి వస్తుంది. కణం చీలాలంటే ముందు డీఎన్ఏ రెట్టింపు కావాలి. డీఎన్ఏకి కావలసిన ముడిసరుకుల్లో ఒకటైన థైమిడిన్ భాగం తయారవ్వాలంటే ఫోలేట్ అనే మరో బీ విటమిన్ ఉండాలి, ఆ ఫోలేట్ మళ్లీ మళ్లీ పనికొచ్చే రూపంలోకి రావాలంటే బీ12 ఉండాలి. బీ12 లేకపోతే ఒంట్లో ఫోలేట్ ఉన్నా అది మిథైల్ రూపంలో ఇరుక్కుపోతుంది. దాన్ని విడిపించే పని ఒకే ఒక్క ఎంజైమ్‌ది, ఆ ఎంజైమ్ బీ12 లేనిదే నడవదు. అందుకే బీ12 లోపం ఉన్న మనిషి రక్తంలో ఫోలేట్ మామూలుగానో, ఒక్కోసారి ఎక్కువగానో కనిపించినా లోపల కణాలు మాత్రం ఫోలేట్ లేనట్టే అల్లాడుతుంటాయి. రెండు లోపాలూ రక్తకణాల్లో అచ్చం ఒకేలా కనిపించడానికి కారణం ఇదే. మైక్రోస్కోపు కింద స్లైడు మాత్రమే చూసి ఇది బీ12, ఇది ఫోలేట్ అని విడదీసి చెప్పడం సాధ్యం కాదు.

డీఎన్ఏ పని నత్తనడక నడుస్తున్నా హిమోగ్లోబిన్ తయారీ మాత్రం ఆగదు, ఎందుకంటే దానికి ఆర్ఎన్ఏ చాలు. కణం పెరుగుతూనే ఉంటుంది, చీలడం మాత్రం ఆలస్యమవుతుంది. చీలవలసినన్ని సార్లు చీలకుండానే బయటికి వచ్చేసరికి అది పెద్దదిగా, గుడ్డు ఆకారంలో ఉంటుంది. మెగాలోబ్లాస్టిక్ అనీమియా అన్న పేరు మజ్జలోని ఈ పెద్ద పెద్ద పిల్లకణాలను చూసి పెట్టిందే.

అయితే అసలు నష్టం సైజులో లేదు. ఇలా తయారైన కణాల్లో చాలా భాగం రక్తం ముఖం చూడకుండానే మజ్జలోనే చచ్చిపోతాయి. మజ్జను పరీక్షిస్తే కిక్కిరిసి ఉంటుంది, రక్తంలో చూస్తే కణాలే ఉండవు. పని జోరుగా సాగుతున్నట్టే ఉంటుంది, సరుకు మాత్రం బయటికి రాదు. చచ్చిన కణాల్లోంచి ఎల్‌డీహెచ్ అనే ఎంజైమ్ రక్తంలోకి కారుతుంది, తీవ్రమైన లోపంలో అది వేలల్లోకి వెళ్లొచ్చు. హిమోగ్లోబిన్ విరిగి ఇన్‌డైరెక్ట్ బిలిరుబిన్ అనే పసుపు పదార్థం పెరుగుతుంది. కొందరిలో పాలిపోయిన చర్మానికి లేత పసుపు ఛాయ రావడం, కళ్లు కాస్త పచ్చబడడం దీనివల్లే. లివర్ జబ్బేమో అని పరీక్షలు మొదలుపెట్టి చివరికి బీ12 దగ్గర తేలిన కేసులు డాక్టర్లకు కొత్త కాదు.

డీఎన్ఏ కావలసింది ఎర్రకణాలకు ఒక్కటే కాదు కాబట్టి తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు కూడా దెబ్బతింటాయి. న్యూట్రోఫిల్ అనే తెల్లకణం కేంద్రకానికి మామూలుగా మూడు నాలుగు తమ్మెలు ఉంటాయి. ఈ లోపంలో అవి అయిదు, ఆరు, ఇంకా ఎక్కువ అవుతాయి. వందలో అయిదుకు మించి న్యూట్రోఫిళ్లకు అయిదు తమ్మెలు ఉన్నా, ఆరు తమ్మెలున్నది ఒక్కటి కనిపించినా అనుమానించాల్సిందే. ఈ సంగతి మిషన్ చెప్పదు, స్లైడు చూసే మనిషి చెప్పాలి. రిపోర్టు అడుగున చిన్న అక్షరాల్లో ఉండే పెరిఫెరల్ స్మియర్ (అంటే ఈ స్లైడు) వాక్యాన్ని ఎవరూ చదవరు గానీ, ఒక్కోసారి మొత్తం కాగితంలో అన్నిటికన్నా విలువైన వాక్యం అదే.

లోపం ముదిరితే మూడు రకాల కణాలూ ఒకేసారి పడిపోతాయి. అప్పుడు చూసేవాళ్ల గుండె ఆగినంత పనవుతుంది, ఎందుకంటే ల్యుకేమియా, మైలోడిస్‌ప్లాసియా లాంటి మజ్జ జబ్బులు కూడా ఇలాగే కనిపిస్తాయి. మజ్జ పరీక్షలో సైతం పొరబడే అవకాశం ఉంది. ఇంకొందరిలో విరిగిన ఎర్రకణాలు, తక్కువ ప్లేట్‌లెట్లు, విపరీతంగా పెరిగిన ఎల్‌డీహెచ్ కలిసి టీటీపీ అనే, చిన్న రక్తనాళాల్లో గడ్డలు కట్టే ప్రాణాంతక జబ్బులా అనిపిస్తాయి. అక్కడ ఆదుకునేది రెటిక్యులోసైట్ల లెక్కే. టీటీపీలో మజ్జ గట్టిగా స్పందిస్తుంది కాబట్టి అవి పెరగాలి, బీ12 లోపంలో అవి తక్కువగా ఉంటాయి. ప్లాస్మా మార్పిడి దాకా వెళ్లాల్సిన మనిషి విటమిన్ ఇంజెక్షన్‌తో లేచి తిరగడం ఈ తేడా పట్టుకున్నప్పుడే సాధ్యం.

ఒకే హిమోగ్లోబిన్, రెండు వేరు వేరు రక్తాలు

ఉదాహరణకి ఇద్దరు మనుషులు అనుకుందాం. ఇద్దరికీ హిమోగ్లోబిన్ డెసిలీటరుకు 7.8 గ్రాములే. మొదటి వ్యక్తికి ఒక మైక్రోలీటరు రక్తంలో ఎర్రకణాలు 19.5 లక్షలు, హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాలు ఆక్రమించిన భాగం) 23.4 శాతం. రెండో వ్యక్తికి కణాలు 39 లక్షలు, హెమటోక్రిట్ 26 శాతం. లెక్క వేస్తే మొదటి వ్యక్తి ఎంసీవీ 120 ఫెమ్టోలీటర్లు, రెండో వ్యక్తిది దాదాపు 67. మామూలుగా ఉండాల్సింది 80 నుంచి 100 మధ్య. ఒక్కో కణంలో సగటున ఎంత హిమోగ్లోబిన్ ఉందో చెప్పే ఎంసీహెచ్ మొదటి వ్యక్తిలో 40 పికోగ్రాములు, రెండో వ్యక్తిలో 20. అంటే ఒకరి రక్తంలో కణాలు తక్కువ, కానీ ఒక్కోటీ నిండుగా ఉంది. మరొకరి రక్తంలో కణాల సంఖ్యకు పెద్ద లోటు లేదు, కానీ అన్నీ బక్కచిక్కి ఉన్నాయి. మొదటిది బీ12 లేదా ఫోలేట్ లోపంలో కనిపించే పద్ధతి, రెండోది ఐరన్ లోపంలో కనిపించేది. హిమోగ్లోబిన్ ఒక్కటే చూసి ఇద్దరికీ ఐరన్ మాత్రలు రాసిస్తే మొదటి వ్యక్తికి ఒరిగేదేమీ ఉండదు, నరాలు దెబ్బతినడానికి మాత్రం ఇంకొంత సమయం దొరుకుతుంది.

మొదటి వ్యక్తి విషయంలో ఇంకో సంగతి గమనించాలి. ఎంసీహెచ్ అంత పెరిగినా, కణంలో హిమోగ్లోబిన్ గాఢతను చెప్పే ఎంసీహెచ్‌సీ మాత్రం 33.3 దగ్గర మామూలుగానే ఉంది. కణం పెద్దది కాబట్టి ఎక్కువ పట్టింది, అంతే. ఎంసీహెచ్ పక్కన బాణం గుర్తు చూసి హిమోగ్లోబిన్ ఎక్కువైందని సంతోషపడేవాళ్లు కూడా ఉన్నారు కాబట్టి ఇది చెప్పుకోవాలి.

ఈ అంకెలు ఇంత కచ్చితంగా ఎలా వస్తున్నాయంటే, వాలెస్ కౌల్టర్ అనే ఇంజినీరు 1953లో పేటెంటు పొందిన సూత్రం వల్ల. కణాలను ఉప్పునీటి లాంటి ద్రావణంలో కలిపి సన్నని రంధ్రం గుండా ఒక్కొక్కటిగా పంపిస్తారు. రంధ్రానికి అటూ ఇటూ కరెంటు ప్రవహిస్తుంటుంది. కణం అడ్డొచ్చినప్పుడు కరెంటులో చిన్న కుదుపు వస్తుంది, కణం ఎంత పెద్దదైతే కుదుపు అంత పెద్దది. కుదుపుల సంఖ్యే కణాల సంఖ్య, కుదుపుల ఎత్తుల సగటే ఎంసీవీ. ఆ ఎత్తులు ఒకదానికొకటి ఎంత తేడాగా ఉన్నాయన్నది ఆర్‌డీడబ్ల్యూ. ఈ మూడో అంకెను చాలామంది వదిలేస్తారు, చికిత్స మొదలయ్యాక అన్నిటికన్నా ఎక్కువ మాట్లాడేది అదే అయినా.

ఎంసీవీ సగటు మాత్రమే. సగటుతో వచ్చే చిక్కు అందరికీ తెలిసిందే. ఒకే మనిషికి ఐరన్ లోపం, బీ12 లోపం రెండూ ఉంటే ఒకటి కణాన్ని చిన్నది చేస్తుంది, రెండోది పెద్దది చేస్తుంది, ఎంసీవీ చక్కగా 88 దగ్గర నిలబడుతుంది. రిపోర్టులో ఆ అంకె పక్కన ఏ బాణం గుర్తూ ఉండదు. ఆర్‌డీడబ్ల్యూ మాత్రం మామూలు హద్దు 14.5 దాటి ఎక్కడో ఉంటుంది. పుట్టుకతో తలసేమియా ట్రెయిట్ ఉన్నవాళ్లలో కూడా ఇంతే. వాళ్ల కణాలు మామూలుగానే 65, 70 దగ్గర ఉంటాయి, బీ12 లోపం వచ్చి అవి 85కి చేరితే బాగుపడ్డట్టు కనిపిస్తుంది గానీ నిజానికి అది జబ్బు. 

అన్నిటికన్నా ప్రమాదకరమైన పరిస్థితి ఇంకోటి ఉంది. రక్తం పూర్తిగా మామూలుగా ఉండి, నరాలు మాత్రం దెబ్బతింటుంటాయి. 1988లో లిండెన్‌బామ్ బృందం అచ్చువేసిన పరిశీలనలో బీ12 లోపం వల్ల నరాల, మానసిక సమస్యలు వచ్చిన 141 మందిలో 40 మందికి, అంటే 28 శాతానికి, రక్తహీనతగానీ కణాల సైజు పెరగడంగానీ లేదు. అరికాళ్లలో తిమ్మిర్లు, నడకలో తూలు, మతిమరుపు ఉన్న మనిషిని సీబీసీ (రక్తకణాల లెక్క చెప్పే మామూలు పరీక్ష) బాగుంది కదా అని ఇంటికి పంపించేయడం ఎంత తప్పో ఈ ఒక్క అంకె చాలు చెప్పడానికి.

దీనికి మరోవైపు కూడా ఉంది. ఎంసీవీ పెరిగిన ప్రతివాళ్లకూ విటమిన్ లోపం ఉండదు. మద్యం అలవాటు, లివర్ జబ్బు, థైరాయిడ్ తక్కువగా పనిచేయడం, హైడ్రాక్సీయూరియా, మెథోట్రెక్సేట్, జిడోవుడిన్ లాంటి మందులు, మజ్జ జబ్బులు కూడా కణాన్ని పెద్దది చేస్తాయి. తీసిన రక్తం ట్యూబులో ఒకరోజు పైన ఉండిపోతే కణాలు నీరు పీల్చుకుని ఉబ్బుతాయి, అప్పుడు కూడా ఎంసీవీ పెరుగుతుంది. మనిషి కణాలకు ఏమీ కాలేదు, శాంపిల్ పాతబడింది, అంతే.

మందు మొదలైన రోజు నుంచి

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. బీ12 ఇంజెక్షన్ పడిన ఒకటి రెండు రోజుల్లోనే మజ్జలో పెద్ద పెద్ద పిల్లకణాలు మామూలు రూపానికి తిరగడం మొదలవుతుంది. రిపోర్టులో ఇది కనిపించదు. కనిపించేవల్లా దీని జాడలు మాత్రమే: మజ్జలో కణాలు చావడం ఆగుతుంది కాబట్టి ఎల్‌డీహెచ్, బిలిరుబిన్ తొలి రోజుల్లోనే దిగడం మొదలుపెడతాయి, ఒక్కసారిగా హిమోగ్లోబిన్ తయారీ ఊపందుకుంటుంది కాబట్టి రక్తంలో ఐరన్ ఒకటి రెండు రోజుల్లోనే గబగబా పడిపోతుంది. కొత్త కణాలు పొటాషియంను కూడా లోపలికి లాక్కుంటాయి, అందుకే రక్తహీనత బాగా తీవ్రంగా ఉన్నవాళ్లకు మొదటి కొన్ని రోజులు పొటాషియం చూస్తూ ఉండటం అవసరం, ముఖ్యంగా గుండె జబ్బు ఉన్నా, ఒంట్లోంచి నీరు పోయే మాత్రలు వాడుతున్నా.

మూడో నాలుగో రోజు నుంచి రెటిక్యులోసైట్లు పెరగడం మొదలవుతుంది. ఇవి మజ్జ నుంచి అప్పుడే బయటికొచ్చిన పసి ఎర్రకణాలు, లోపల ఇంకా ఆర్ఎన్ఏ మిగిలి ఉంటుంది, రంగు వేస్తే దారాల్లా కనిపిస్తుంది. మామూలుగా ఇవి మొత్తం ఎర్రకణాల్లో 0.5 నుంచి 2.5 శాతం దాకా ఉంటాయి. చికిత్స మొదలయ్యాక దాదాపు వారం రోజులకు ఇవి శిఖరానికి చేరతాయి. రక్తహీనత ఎంత తీవ్రంగా ఉంటే ఆ శిఖరం అంత ఎత్తు, బాగా తీవ్రమైనవాళ్లలో 20 శాతం కూడా దాటొచ్చు. తరువాత మెల్లగా దిగుతాయి.

ఈ పెరుగుదలకు ఒక చరిత్ర ఉంది. 1926లో జార్జ్ మైనాట్, విలియం మర్ఫీ అనే ఇద్దరు డాక్టర్లు పెర్నీషియస్ అనీమియాతో (జీర్ణాశయం దెబ్బతిని ఆహారంలోని బీ12 ఒంటబట్టని జబ్బు) ఉన్న 45 మందికి రోజూ కాలేయం తినిపించి బాగుచేసినట్టు ప్రకటించారు. అప్పటిదాకా ఆ జబ్బు వస్తే బతకడం లేదు. బీ12 అన్న పదార్థం ఉందని కూడా అప్పటికి ఎవరికీ తెలియదు, దాన్ని వేరుచేసింది 1948లో. మరి కాలేయంలో ఉన్నదేదో పనిచేస్తోందని ఎలా నమ్మారు? మజ్జ మేల్కొందన్న తొలి సాక్ష్యం రెటిక్యులోసైట్లే. రోజుల్లోనే అవి ఎగబాకడం చూశాకే ఇది దానంతట అది తగ్గిన జబ్బు కాదని తేలింది. తరువాత కాలేయం నుంచి తీసిన సారాల్లో ఏది పనికొస్తుందో ఏది పనికిరాదో తేల్చింది కూడా రోగుల్లో రెటిక్యులోసైట్లు పెరిగాయా లేదా అన్న లెక్కతోనే. మైనాట్, మర్ఫీ, వాళ్లతోపాటు జార్జ్ విపుల్‌కి 1934లో నోబెల్ వచ్చింది. అంత చరిత్ర ఉన్న పరీక్షను ఇప్పుడు వారం రోజులకు రాయడమే మర్చిపోతున్నారు, దాని బదులు హిమోగ్లోబిన్ రాసి, అది పెరగలేదని బాధపడుతున్నారు. ఏడో రోజున ఒక్క పరీక్షకే వీలుంటే అది రెటిక్యులోసైట్ల లెక్కే అయి ఉండాలి. శాతం మాత్రమే కాకుండా మొత్తం సంఖ్య కూడా అడిగి చూడాలి, ఎందుకంటే మొత్తం ఎర్రకణాలే తక్కువగా ఉన్నప్పుడు శాతం ఉన్నదానికన్నా ఎక్కువగా అనిపిస్తుంది.

ఇప్పుడు ఎంసీవీ ఎందుకు పెరిగిందో అర్థమవుతుంది. రెటిక్యులోసైట్లు ముదిరిన ఎర్రకణాల కన్నా పెద్దవి. వేలకు వేలు ఒక్కసారిగా రక్తంలోకి దూకితే సగటు సైజు మొదటి వారంలో కొంచెం పైకి జరుగుతుంది. పాత పెద్ద కణాలు ఎలాగూ అక్కడే ఉన్నాయి, వాటిని మందు చిన్నవిగా మార్చలేదు. ఒకసారి రక్తంలోకి వచ్చిన ఎర్రకణానికి కేంద్రకం ఉండదు, మళ్లీ చీలదు, ఏ సైజులో పుట్టిందో దాదాపు ఆ సైజులోనే బతికి పోతుంది. కాబట్టి ఎంసీవీ దిగాలంటే పాతవి పోవాలి, కొత్తవి రావాలి. ఆరోగ్యకరమైన ఎర్రకణం ఆయుష్షు 120 రోజులు, అంటే రోజుకు ఒక శాతం కన్నా తక్కువే మారుతుంది. బీ12 లోపంలో పుట్టినవి అంతకాలం బతకవు, కొత్తవి కూడా జోరుగా వస్తుంటాయి, అందుకే నాలుగు నెలలు కాకుండా ఎనిమిది వారాల దగ్గర్లోనే ఎంసీవీ మామూలు స్థాయికి వస్తుంది.

మధ్యకాలంలో రక్తంలో రెండు తరాలు కలిసి తిరుగుతుంటాయి. లెక్క సులువుగా ఉండటానికి ఒక దశలో 120 సైజున్న పాతవి 15 లక్షలు, 90 సైజున్న కొత్తవి 15 లక్షలు ఉన్నాయనుకుందాం. సగటు 105. నిజానికి ఆ 105 సైజున్న కణాలు రెండు గుంపుల్లోనూ అరుదే. ఎంసీవీ కొంచెమే దిగినట్టు కనిపిస్తుంది గానీ సగం రక్తం కొత్తది అయిపోయింది. మిషన్ గీసే గ్రాఫులో ఒక కొండ బదులు రెండు కొండలు వస్తాయి, ఆర్‌డీడబ్ల్యూ చికిత్సకు ముందు ఉన్నదానికన్నా పెరుగుతుంది. పాతవాటి గుంపు కరిగిపోయేకొద్దీ అది మళ్లీ తగ్గుతుంది. చికిత్స మొదలైన నెలలోపు ఆర్‌డీడబ్ల్యూ పెరగడం మంచి వార్త, ఆరు నెలలకు కూడా ఎక్కువగానే ఉంటే కాదు.

హిమోగ్లోబిన్ మాత్రం తాపీగా కదులుతుంది. వారం పది రోజులకు పెరగడం మొదలుపెట్టి, ఆరు నుంచి ఎనిమిది వారాల్లో మామూలు స్థాయికి చేరుతుంది. తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు తక్కువై ఉంటే అవి ఇంకా ముందే, ఒకటి రెండు వారాల్లో సర్దుకుంటాయి, కొందరిలో ప్లేట్‌లెట్లు కొద్దికాలం మామూలు స్థాయిని దాటి పైకి వెళ్లి దిగొస్తాయి. ఎక్కువ తమ్మెల న్యూట్రోఫిళ్లు మాత్రం పది నుంచి పద్నాలుగు రోజులు కనిపిస్తూనే ఉంటాయి. దీనివల్ల ఒక మేలు కూడా ఉంది: రక్తం శాంపిల్ తీయకుండానే ఎవరైనా ఇంజెక్షన్ ఇచ్చేసి ఉంటే, వారం తరువాత స్లైడులో ఈ కణాలు దొరికితే అసలు జబ్బు ఏమిటో ఊహించవచ్చు.

మనిషికి ఎలా అనిపిస్తుందన్నది మాత్రం వేరే లెక్క. హిమోగ్లోబిన్ కదలకముందే రెండు మూడు రోజుల్లో ప్రాణం లేచొచ్చినట్టు ఉందని చాలామంది చెప్తారు. నరాల సంగతి అలా కాదు, వాటికి నెలలు పడుతుంది, ఎన్నాళ్లుగా దెబ్బతిన్నాయన్న దాన్నిబట్టి కొంత మిగిలిపోవచ్చు కూడా. రక్తం బాగైంది కదా అని మందు ఆపేసే పొరపాటు ఇక్కడే జరుగుతుంది. రక్తం రెండు నెలల్లో బాగవుతుంది, నరాల పని అప్పటికి సగంలో ఉంటుంది.

బాగుపడుతూ మధ్యలో ఆగిపోతే

రెటిక్యులోసైట్లు బాగా పెరిగాయి, హిమోగ్లోబిన్ 7.8 నుంచి 10 దాకా వచ్చింది, అక్కడ ఆగిపోయింది. ఎంసీవీ మాత్రం దిగుతూ 90, 82, చివరికి 76కి వచ్చింది. ఇది మందు విఫలమవడం కాదు, ఐరన్ అయిపోవడం. బీ12 లోపం ఉన్నప్పుడు మజ్జ ఐరన్‌ను సరిగా వాడుకోలేదు, కాబట్టి అది రక్తంలో, నిల్వల్లో పేరుకుని, ఐరన్ నిల్వను చెప్పే ఫెరిటిన్ మామూలుగానో ఎక్కువగానో కనిపిస్తుంది. మందు పడగానే లక్షల కోట్ల కొత్త కణాలకు ఐరన్ కావాలి, నిల్వ ముందే తక్కువగా ఉన్నవాళ్లలో అది కొద్ది వారాల్లోనే తుడిచిపెట్టుకుపోతుంది. చికిత్సకు ముందు ఫెరిటిన్ బాగుంది కదా అని నిశ్చింతగా ఉండకూడదు, నాలుగు నుంచి ఎనిమిది వారాల మధ్య ఇంకోసారి చూడటం మంచిది. పెర్నీషియస్ అనీమియా ఉన్నవాళ్లలో జీర్ణాశయంలో యాసిడ్ కూడా తక్కువ కాబట్టి ఐరన్ ఇమడటమే కష్టం, వాళ్లలో ఈ జంట లోపం తరచుగా కనిపిస్తుంది.

మొదటి వారంలో రెటిక్యులోసైట్లే పెరగకపోతే అది వేరే సమస్య. రోగనిర్ధారణే తప్పు కావచ్చు, బీ12తోపాటు ఫోలేట్ కూడా తక్కువ ఉండొచ్చు, కిడ్నీ జబ్బు, థైరాయిడ్, ఏదైనా ఇన్ఫెక్షన్ మజ్జను అణచిపెట్టొచ్చు, మజ్జ జబ్బే ఉండొచ్చు. ఆ ఒక్క అంకె తొలివారంలోనే చూసి ఉంటే ఇవన్నీ రెండు నెలలు ముందుగా వెతికే వీలుంటుంది.

ఫోలిక్ యాసిడ్ (మాత్రల్లో ఉండే ఫోలేట్ రూపం) గురించి గట్టిగా చెప్పాల్సింది ఒకటుంది. బీ12 లోపంలో ఫోలిక్ యాసిడ్ మాత్రమే ఎక్కువ మోతాదులో ఇస్తే రక్తం బాగుపడుతుంది. మాత్రల్లోని ఫోలిక్ యాసిడ్ ఆ మిథైల్ ఉచ్చులో పడకుండా వేరే దారిలో డీఎన్ఏ తయారీకి చేరుతుంది. రెటిక్యులోసైట్లు పెరుగుతాయి, హిమోగ్లోబిన్ పెరుగుతుంది, ఎంసీవీ దిగుతుంది, రిపోర్టు అందంగా తయారవుతుంది. నరాలకు కావలసిన బీ12 మాత్రం లేదు కాబట్టి అక్కడ నష్టం సాగుతూనే ఉంటుంది. ఉన్న ఒక్క హెచ్చరిక గుర్తును కూడా చెరిపేసినట్టు అవుతుంది. అందుకే రెండూ అనుమానంగా ఉన్నప్పుడు బీ12 ముందు ఇవ్వాలి, కనీసం రెండూ కలిపి ఇవ్వాలి, ఫోలిక్ యాసిడ్ ఒక్కటే ఎప్పుడూ వద్దు.

శాంపిల్ ఎప్పుడు తీశారన్నది కూడా అంతే ముఖ్యం. మొదటి ఇంజెక్షన్ పడ్డాక రక్తంలో బీ12 కొలిస్తే అంకె ఆకాశంలో ఉంటుంది, దానివల్ల తెలిసేది ఇంజెక్షన్ వేశారన్న సంగతి ఒక్కటే. రక్తం ఎక్కించాక తీసిన సీబీసీలో దాత కణాలు కూడా కలిసి ఉంటాయి, ఎంసీవీకి, ఆర్‌డీడబ్ల్యూకి పెద్దగా అర్థం ఉండదు. కాబట్టి బీ12, ఫోలేట్, ఫెరిటిన్, స్లైడు, వీలైతే హోమోసిస్టీన్, మిథైల్‌మెలోనిక్ యాసిడ్ అన్నీ ముందే పంపించాలి. బీ12 మిల్లీలీటరుకు 200 పికోగ్రాముల కన్నా తక్కువుంటే లోపం అని సాధారణంగా అంటారు, 200 నుంచి 300 మధ్య ఏ సంగతీ తేలదు, అక్కడ ఆ చివరి రెండు పరీక్షలు పనికొస్తాయి. లోపం బీ12దైతే రెండూ పెరుగుతాయి, ఫోలేట్‌దైతే హోమోసిస్టీన్ ఒక్కటే పెరుగుతుంది.

షుగర్ ఉన్నవాళ్లు ఇంకో విషయం గుర్తుపెట్టుకోవాలి. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే బీ12 తగ్గవచ్చు. బీ12, ఫోలేట్, ఐరన్ లోపాల్లో రక్తంలో పాత కణాల వాటా ఎక్కువై, రెండు మూడు నెలల సగటు షుగర్‌ను చెప్పే హెచ్‌బీఏ1సీ నిజంకన్నా ఎక్కువగా చూపించొచ్చు. చికిత్స మొదలయ్యాక కొత్త కణాలు వరదలా వస్తాయి, వాటికి చక్కెర అంటుకునేంత వయసు ఉండదు, హెచ్‌బీఏ1సీ అమాంతం తగ్గుతుంది. షుగర్ అదుపులోకి వచ్చిందని మందు తగ్గించుకుంటే ఇబ్బందే. ఆ రెండు మూడు నెలలు గ్లూకోమీటరు అంకెల్నే నమ్మాలి.

మిగతా విటమిన్ల ప్రభావం ఇంత నాటకీయంగా ఉండదు. బీ6 లోపంలో హిమోగ్లోబిన్ తయారీ మొదటి మెట్టులోనే దెబ్బతిని కణాలు చిన్నవవుతాయి, టీబీకి ఐసోనియాజిడ్ వాడేటప్పుడు బీ6 కలిపి ఇవ్వడం ప్రధానంగా నరాల కోసమే అయినా ఈ మేలూ ఉంది. విటమిన్ ఏ తక్కువైతే నిల్వలోని ఐరన్ బయటికి రాదు, విటమిన్ సీ తక్కువైతే ఆహారంలోని ఐరన్ సరిగా ఒంటబట్టదు, రెండింటిలోనూ సీబీసీలో కనిపించేది ఐరన్ లోపం లాంటి బొమ్మే. రాగి లోపం మాత్రం రక్తహీనత, తక్కువ న్యూట్రోఫిళ్లు, నడకలో తూలుతో అచ్చం బీ12 లోపంలా వేషం వేస్తుంది, బీ12 ఇచ్చినా కదలని కేసుల్లో దాన్ని గుర్తుచేసుకోవాలి.

ఇక ఎంతకాలం వాడాలన్నది లోపం ఎందుకొచ్చిందన్న దానిమీద ఆధారపడుతుంది. ఒంట్లో, ఎక్కువగా కాలేయంలో, బీ12 నిల్వ రెండు నుంచి అయిదు మిల్లీగ్రాముల దాకా ఉంటుంది, రోజుకు కావలసింది 2.4 మైక్రోగ్రాములే, అందుకే లోపలికి రావడం ఆగినా కొరత బయటపడటానికి ఏళ్లు పడుతుంది. ఫోలేట్ నిల్వలు మూడు నాలుగు నెలల్లోనే అయిపోతాయి. ఆహారంలో లేకపోవడం వల్ల వచ్చిన లోపమైతే ఆహారం, మాత్రలతో సరిపోతుంది. పెర్నీషియస్ అనీమియా, జీర్ణాశయం లేదా చిన్నపేగు చివరి భాగం తీసేసిన ఆపరేషన్ లాంటివైతే జీవితాంతం వాడాలి. వీళ్లకు ఇంజెక్షనే దిక్కని ఒకప్పుడు అనుకునేవారు గానీ, మాత్రలో ఉన్నదాంట్లో ఒక శాతం దాకా ఏ సాయమూ లేకుండానే పేగు గోడ గుండా లోపలికి పోతుంది. 1000 మైక్రోగ్రాముల మాత్ర రోజూ వేసుకుంటే దాదాపు 10 మైక్రోగ్రాములు అందుతాయి, అది అవసరానికి మించే. లోపం తీవ్రంగా ఉన్నప్పుడు, నరాల లక్షణాలు ఉన్నప్పుడు మాత్రం మొదట ఇంజెక్షన్లే మంచివి.

మందు మానేసినవాళ్లలో జబ్బు తిరగబెట్టేటప్పుడు హిమోగ్లోబిన్ చాలా ఆలస్యంగా పడిపోతుంది, చాలామందిలో దానికన్నా ముందు కదిలేది ఎంసీవీనే. అది కూడా ఒక్కసారిగా 110కి వెళ్లదు. చికిత్స పూర్తయ్యాక 88 దగ్గర స్థిరపడిన మనిషికి ఏడాది తరువాత 93, మరో ఏడాదికి 98 రావచ్చు. మూడు రిపోర్టుల్లోనూ అది నార్మల్ రేంజ్‌లోనే ఉంటుంది, ఎక్కడా బాణం గుర్తు పడదు. పాత రిపోర్టులు దాచిపెట్టుకుని పక్కపక్కన పెట్టి చూసినవాళ్లకే ఆ పది అంకెల తేడా కనిపిస్తుంది.